ముప్పై సెంట్ల బరువు

మా గరాజ్‌లో రెండు కార్లు పట్టే చోటుంది. ఉన్నది మాత్రం ఒక విమానం. మా ఆవిడ కారూ నా కారూ ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ బయటే ఉంటాయి. పన్నెండేళ్ళ మావాడు బాల్సా చెక్క ముక్కలు అతికించి, పైన పల్చటి ప్లాస్టిక్ పొరని ఇస్త్రీపెట్టెతో అంటించి, నాలుగు నెలలపాటు కట్టుకున్న రేడియో కంట్రోల్ విమానం అది. ఈ చివర నుంచి ఆ చివరికి రెక్కలు 48 అంగుళాలు. "ఆ ఇస్త్రీపెట్టె మళ్ళీ నా చీరలకి పనికొస్తుందా?" అని మా ఆవిడ అడిగినప్పుడు తండ్రీకొడుకులిద్దరం విననట్టు ఊరుకున్నాం.

మొదటిరోజు విమానం బాగానే ఎగిరింది కానీ, దిగేటప్పుడు తోక విరిగింది. "దీనికింత దిగులెందుకురా" అని నేనే ఓ ప్లైవుడ్ ముక్క వేసి ఎపాక్సీతో అతికించాను. మరుసటి శనివారం మైదానానికి వెళ్ళాం. "డాడీ, బ్యాలెన్స్ చూడాలి, మాన్యువల్లో ఉంది" అన్నాడు మావాడు. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి, నాకు చెప్పొచ్చాడు! "పది గ్రాముల అతుక్కి బ్యాలెన్స్ ఏమిట్రా? గాలి పెరిగేలోపు ఎగరెయ్" అన్నాను.

ఎగరేశాడు. ఇరవై అడుగులు లేచిందో లేదో ముక్కు పైకెత్తేసింది. వాడు కాస్త దించబోతే మరీ దిగింది, లేపబోతే మరీ లేచింది. చివరికి గాలిలో ఆగినట్టయి, ఓ రెక్క వాల్చి నేలకి కొట్టుకుంది. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. ఎప్పుడూ దారిపొడుగునా వాగేవాడు, ఆ అరగంటా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండుననిపించింది.

అప్పటికి మా నాన్నగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆయనకి మాన్యువల్లో ఇంగ్లీషు రాదు, మావాడికి తెలుగు అంతంత మాత్రం. అయినా రెండు వారాలు ఇద్దరూ గరాజ్ వదల్లేదు. ముక్కలన్నీ ఒక్కటయ్యాక, బ్యాటరీ, ప్రొపెల్లర్, అన్నీ ఎగిరేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే బిగించి, రెక్క కింద అటొక వేలూ ఇటొక వేలూ పెట్టి మావాడు విమానాన్ని ఎత్తాడు. తోక నెమ్మదిగా కిందికి వాలిపోయింది.

"ఇది కావడిరా మనవడా" అన్నారు నాన్నగారు.

"కావడి అంటే ఏంటి తాతయ్యా?"

ఆయన తుడుపుకర్రకి రెండు చివరలా రెండు ఖాళీ పాలడబ్బాలు కట్టి, ఒకదాన్లో నిండా, ఇంకోదాన్లో సగం నీళ్ళు పోయించారు. కర్ర మధ్యలో భుజం పెడితే నిండు డబ్బా నేలకి తగిలింది. భుజాన్ని అటు జరపగానే కర్ర సమంగా నిలిచింది. "మా ఊళ్ళో నీళ్ళు మోసేవాడు బరువున్న వైపుకి భుజం జరుపుకునేవాడు. దీని భుజం రెక్క. అది జరగదు కదా? కాబట్టి బరువునే జరపాలి."

మావాడు లెక్క వేశాడు. రెక్క వెడల్పు 8 అంగుళాలు. ఇలాంటి ట్రెయినర్ విమానానికి ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య, అంటే సుమారు 2 నుంచి 2.7 అంగుళాల దగ్గర, బ్యాలెన్స్ కుదరాలి. నేను వేసిన అతుకు 10 గ్రాములే. కానీ అది ఆ చోటికి 24 అంగుళాలు వెనక ఉంది. ముక్కు 8 అంగుళాలే ముందుంది. అంటే అక్కడ 30 గ్రాములు పెడితే గానీ సరిపోదు! ముందు బ్యాటరీని జరిపి చూడాలి. మాది అప్పటికే ముందు గోడకి ఆని ఉంది.

పిల్లలూ, కాగితం విమానానికి ముక్కు దగ్గర అన్ని మడతలెందుకు? బాణం మొనకి బరువెందుకు? బరువు ముందుంటే, గాలి ఎటు కుదిపినా అది తనంతట తనే సర్దుకుంటుంది. బరువు వెనక్కి పోతే చిన్న కుదుపు కూడా పెరుగుతూ పోతుంది. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న ఎగరేసిన విమానానికీ ఇదే ఇబ్బంది. ముక్కు పైకీ కిందికీ ఊగుతూ ఎగిరింది. 1904లో కట్టిన రెండో విమానానికి ముందువైపు 70 పౌన్ల ఇనుము చేర్చారు. ఈ సంగతి చెప్పాక మావాడి ముఖం కాస్త తేటపడింది.

"తప్పు నాది. నువ్వు చెప్తే వినలేదు" అన్నాను. వాడు తల ఎత్తకుండానే, "మనకిప్పుడు ఆరు నికెల్స్ కావాలి డాడీ" అన్నాడు. నికెల్ నాణెం బరువు సరిగ్గా 5 గ్రాములు. నా జేబులో రెండే ఉన్నాయి. మిగతా నాలుగూ నాన్నగారు తన పర్సులోంచి తీశారు. మన దేశం తీసుకెళ్దామని దాచుకున్నవి.

ఆరు నాణేలూ ముక్కులో అతికించి మళ్ళీ వేళ్ళ మీద ఎత్తాం. ముక్కు ఒక్క పిసరు కిందికి వంగి నిలిచింది. ఆ ఆదివారం విమానం ఏడు నిమిషాలు ఎగిరింది. నాన్నగారు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డారు.

ఆయన తిరిగి వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడల్లా మొదట అడిగేది, "మనవడి కావడి ఎలా ఉంది?" అని. ఇప్పటికీ మైదానంలో మావాడు విమానాన్ని నా చేతికిచ్చి నిలబడతాడు. నేను రెండు వేళ్ళ మీద ఎత్తి చూసి తల ఊపేదాకా ఎగరెయ్యడు.