కలలో పక్కచూపు

కలలో నాకు పక్కచూపు ఉంటుంది. కాలవగట్టు మీద సైకిల్ తొక్కుతుంటే కుడివైపు చేలు, ఎడమవైపు నీళ్లు, ఎదురుగా లాకులు అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. పక్కనుంచి గట్టెక్కుతున్న గేదెను తల తిప్పకుండానే చూసి తప్పుకుంటాను. అదీ రాత్రిపూట, దీపం లేకుండా. రాత్రివేళ అలా చూడడం చిన్నప్పుడు కూడా నేనెరగను. కల నాకు పోయిన చూపును ఇవ్వడమే కాదు, ఎన్నడూ లేనిదాన్ని కూడా కలిపి ఇస్తోంది.

నాది రెటినైటిస్ పిగ్మెంటోసా. మా అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరిలోనూ దాగివున్న ఒకే లోపం నా దగ్గర కలిసింది. ఈ జబ్బులో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు ముందు చచ్చిపోతాయి. ఇంట్లోవాళ్లు మామూలు రేచీకటి అనుకుని ఆకుకూరలూ, మేక కార్జమూ తినిపించారు. విటమిన్ లోపమైతే తగ్గేదే. తర్వాత చూపు అంచులనుంచి ముడుచుకుంటూ వచ్చింది. రంగులు చూపించే కోన్ కణాలు చాలాకాలం నిలబడ్డాయి గనక, నడుస్తూ స్తంభాలకి గుద్దుకునే మనిషినే కూచుంటే పేపరు చదివేవాణ్ణి. ఇప్పుడు కిటికీ ఎటుందో తెలిసేంత వెలుగు మిగిలింది.

నిద్రలో మెదడుకి కంటితో పనిలేదు. ఇన్నాళ్లూ దాచుకున్నదాన్ని తీసి వాడుకుంటుంది. అయితే దాచుకోవాలంటే కొన్నేళ్లయినా చూసి ఉండాలి. జోసెఫ్ జాస్ట్రో అనే మనస్తత్వవేత్త అమెరికాలో ఎందరో అంధుల్ని వాళ్ల కలల గురించి అడిగి 1888లో ఒక వ్యాసం రాశాడు. అయిదేళ్లలోపు చూపు పోయినవాళ్ల కలల్లో దృశ్యాలు లేవు. ఏడేళ్లు దాటాక పోయినవాళ్లకి ఉన్నాయి. ఆ లెక్కన నేను బాగా కలిగినవాణ్ణి.

నా మేనకోడలు పుట్టేసరికే నాకు మనుషుల ముఖాలు కనిపించడం ఆగిపోయింది. అయినా కలలో దానికి ముఖం ఉంది. రెండు జడలు, కాస్త ముందుకొచ్చిన చెవులు, పెదవి కింద పుట్టుమచ్చ. అది మా చెల్లెలి చిన్ననాటి ముఖం. గొంతు మాత్రం మేనకోడలిదే. చనిపోయేనాటికి మా అమ్మ జుట్టు పూర్తిగా తెల్లబడిందట. కలలో ఆమె పాపిడి పక్కన రెండు మూడు నెరిసిన వెంట్రుకలే ఉంటాయి.

మెలకువ వస్తే ఏడుపు రాదా అని అడుగుతారు. మొదట్లో వచ్చేది. కరెంటు పోయిందనుకుని స్విచ్చి కోసం తడుముకున్న తెల్లవారుజాములు ఉన్నాయి. ఇప్పుడు ఆ కలలంటే ఇష్టం. భయమల్లా అవి తరిగిపోతాయేమోనని. 2014లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో, చూపు పోయి ఎక్కువకాలమైనవారి కలల్లో దృశ్యాలు తక్కువగా ఉన్నాయని తేలింది. బర్మింగ్‌హామ్ ఆచార్యుడు జాన్ హల్, నడివయసులో పూర్తిగా చూపు పోయాక, భార్యాపిల్లల ముఖాలు కూడా మనసులోంచి జారిపోవడాన్ని 1990లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. పోతున్నవాటిని ఆయన పోనిచ్చాడు. వాన పడుతుంటే ఆ చప్పుడులో తోటలోని ప్రతి వస్తువుకీ ఆకారం వచ్చిందని ఆయన రాసిన చోటు నాకెంతో ప్రియం. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన దారిన నేను వెళ్లలేను. నాకు రంగులు కావాలి.

అందుకే మా ఇంటికొచ్చేవాళ్లకి నాదొక్కటే కోరిక. నేను నొచ్చుకుంటానని కళ్లకి కనిపించేవాటి ఊసు దాటెయ్యకండి. ఆకాశం ఎలా ఉందో, కొత్త చీర ఏ రంగో, ఎదురింటి గోడకి ఏం సున్నం వేశారో చెప్పండి. విన్నదాన్ని నేను మనసులో కట్టి చూసుకుంటాను. దానివల్లే కలలు నిలుస్తాయని రుజువేమీ చూపలేను, కానీ ఆ పని మానుకోను.

ఈ సంగతి మేనకోడలికి బాగా తెలుసు. మొన్న సంక్రాంతికి కొత్త లంగా ఓణీ వేసుకొచ్చి, ఓణీ చెంగు నా చేతిలో పెట్టింది.

“ఆకుపచ్చ, మావయ్యా.”

“ఏ ఆకుపచ్చే? చిలకపచ్చా, తమలపాకు రంగా?”

కాసేపు ఆలోచించింది. “రెండూ కాదు. పచ్చి చింతకాయ తోలు గోటితో గీకితే లోపల కనిపిస్తుందే, ఆ రంగు.”

సరిగ్గా అందింది. అంచు వంగపండు రంగట. మరి లంగా సంగతేమిటని అడిగాను.