గిరీంద్రశేఖర బోసు: పసిమనసుకు రెండు వైపులు

దక్షిణ కలకత్తాలోని భవానీపూర్‌లో సర్ అశుతోష్ ముఖర్జీ నివసించేవారు. విశ్వవిద్యాలయ భవనాలు ఉత్తరాన కాలేజీ వీధిలో ఉన్నా, దాని ఆలోచన ఈ పేటలోనే రూపుదిద్దుకొనేదంటే అతిశయోక్తి కాదు. మన రాధాకృష్ణ పండితుడు 1921లో అక్కడ తత్త్వశాస్త్రపీఠం అలంకరించింది అశుతోష్ పిలుపు మీదనే. అంతకు ఐదేళ్ళ ముందు, 1916లో, మనస్తత్వశాస్త్రానికి ప్రత్యేక శాఖ వెలసింది. అందులో తొలి విద్యార్థులలో ఒకరు గిరీంద్రశేఖర బోసు.

ఆయన 1887లో జన్మించారు. 1910లో వైద్యపట్టా పొంది, వైద్యవృత్తిలో ఉంటూనే మళ్ళీ విద్యార్థి అయ్యారు. 1917లో ఎం.ఏ., 1921లో కోరికల అణచివేతపై రాసిన గ్రంథానికి డి.ఎస్సీ. లభించాయి. మరుసటి ఏడు పార్శీబగాన్ సందులోని స్వగృహంలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు.

ప్రతి కోరిక వెనుకా దానికి సరిగ్గా ఎదురైన కోరిక దాగి ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం. తండ్రి చేత దెబ్బ తిన్న పిల్లవాడు మూలకు పోయి బొమ్మను కొడతాడనుకుందాం. చూచేవారికి అది ఉక్రోషం. బోసు దృష్టిలో ఆ పసివాడు అప్పుడు తండ్రి స్థానంలోకి వెళ్ళి, దెబ్బకు రెండో వైపును తెలుసుకొంటున్నాడు. పెద్దలకు చేసే చికిత్సలోనూ ఆయన రోగిని ఇలాగే ఎదుటివాని స్థానంలో నిలిపేవారు. మనసు పెరగడమంటే ఇలా అటూ ఇటూ ఊగడమేనన్నమాట.

ఇక్కడే చిక్కు వచ్చింది. తండ్రి తన పురుషత్వాన్ని హరిస్తాడన్న భయమే మగబిడ్డ మనసును మలుస్తుందని వియన్నాలోని ఫ్రాయిడ్ మహాశయుని మతం. తన భారతీయ రోగులలో ఆ భయం కంటే స్త్రీగా ఉండాలన్న కోరిక సులభంగా బయటపడుతున్నదని 1929లో బోసు ఆయనకే రాశారు. గురుస్థానంలో ఉన్నవానికి, అదీ జాబు ద్వారా, అలా రాయడానికి ధైర్యం కావాలి. తేడా గమనింపదగినదేనని ఫ్రాయిడ్ ఒప్పుకొన్నారు గాని, సిద్ధాంతాన్ని మాత్రం స్వీకరించలేదు. బోసు దానిని విడువనూ లేదు. స్నేహాన్ని చెడగొట్టుకోనూ లేదు. ఉత్తరప్రత్యుత్తరాలు 1937 దాకా సాగాయి. ఇద్దరూ ఏనాడూ ముఖాముఖి కలుసుకోలేదు.

ఇంత పండితుడు ఎర్రచీమల, నల్లచీమల యుద్ధం మీద 'లాల్ కాలో' అనే పిల్లల పుస్తకం కూడా రాశారు. అన్నగారు రాజశేఖర బోసు ఇచ్చిన ఇంట్లో 1940లో మూడు పడకలతో లుంబినీ పార్కు మానసిక చికిత్సాలయం మొదలైంది. 1949లో సంఘం పసిపిల్లలకై బోధాయన పాఠశాలను తెరిచింది. 1953 జూన్ 3న ఆయన కన్నుమూసేనాటికి ఆ బడికి దాదాపు నాలుగేళ్ళు.