స్విచ్ నాన్న చేతిలో

ఉద్యోగం ఢిల్లీలో, పాత వార్తల ఫైళ్లన్నీ వరంగల్ ఇంట్లోని కంప్యూటర్‌లో. దాన్ని దూరం నుంచే నిద్రలేపే కిటుకు 1990ల నుంచీ ఉంది: 'వేక్ ఆన్ లాన్'. నెట్‌వర్క్ కార్డు చిరునామాను 16 సార్లు వల్లించే 102 బైట్ల సందేశం ఇంటి రౌటర్ గుండా అందితే చాలు, యంత్రం లేచి కూర్చుంటుంది. షరతొక్కటే. కంప్యూటర్ ఆపేసినా కార్డుకు కాస్త కరెంటు అందుతూ ఉండాలి.

ఇక్కడ వీటో అధికారం నాన్నది. పడుకునే ముందు గోడ మీది స్విచ్‌లన్నీ బంద్ చేస్తారు. "మనిషి లేని గదిలో కరెంటెందుకురా?" అంటారు.

అందుకే ఫైలు కావాలంటే ఆయనకే ఫోన్ చేస్తాను. బటన్ నొక్కి, అది తెరుచుకునే లోగా బీపీ మాత్ర అయిపోయిందని చెబుతారు. ఆ సంగతి ఏ నెట్‌వర్కూ మోసుకురాదు.