ఒళ్లో ఇమడని ల్యాప్‌టాప్!

పేరు ల్యాప్‌టాప్. ఒళ్లో పెట్టుకుంటే మాత్రం పది నిమిషాల్లో తొడలు చుర్రుమంటాయి. ఎక్కడికైనా మోసుకెళ్లొచ్చనే కొంటారు. కొన్నాక బల్ల మీంచి కదపరు. బ్యాటరీ ఉంటుంది. అయినా ప్లగ్గు ఊడదీస్తే ఉసూరుమంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌ని డెస్క్‌టాప్‌కి బదులుగా వాడేవాళ్లెవరైనా ఈ మాటలకి తలూపుతారు. మరి తెలిసి తెలిసీ ఎందుకు కొంటారూ అంటే... కూకట్‌పల్లిలో ఉండే ఓ త్రీడీ కళాకారుడి సంగతి చెప్పుకోవాలి.

బిల్డర్లకి ఇంటి ఎలివేషన్లు గీసివ్వడం అతని పని. పగలు మేడలు కట్టడం, పాప పడుకున్నాక ఓ గంట గేములు ఆడుకోవడం. రెండింటికీ గట్టి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మొదట్లో ఉన్నది డెస్క్‌టాపే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొట్టు కొట్టూ తిరిగి, ఒక్కో భాగం బేరమాడి బిగించుకున్నది. ఇల్లు మారినప్పుడల్లా సామానంతా ట్రాలీ ఆటోలో వెళ్లేది. సీపీయూ మాత్రం దుప్పటి కప్పుకుని అతని పక్కనే కూర్చుని వచ్చేది! ఏడేళ్లలో అయిదిళ్లు. ఓసారి మానిటర్ మూల పగిలింది. ఇంకోసారి కార్డు స్లాట్‌లోంచి కదిలి, తెర మీద బొమ్మే రాలేదు.

2020 మార్చిలో నాలుగు రోజులుండొద్దామని తణుకు దగ్గర సొంతూరికి వెళ్లాడు. లాక్‌డౌన్ పడింది. మెషీనేమో కూకట్‌పల్లిలో తాళం వేసిన గదిలో, మనిషేమో గోదావరి జిల్లాలో. రెండు నెలలు రూపాయి సంపాదన లేదు. అప్పుడే అనుకున్నాడట, ఇక కొంటే కూడా వచ్చేదే కొనాలని.

ఆ మరుసటేడాది కొన్నాడు. లక్షా ముప్ఫై అయిదు వేలు, కంతుల మీద. 'మూడు కాసుల బంగారం వచ్చేది కదరా' అంది వాళ్లమ్మ. అదీ నిజమే.

ఇక్కడో కిటుకుంది. షోరూంలో అట్టపెట్టె మీద కార్డు పేరు చూసి, డెస్క్‌టాప్‌లో ఉండేదే ఇందులోనూ ఉందనుకుంటారు చాలామంది. పేరు ఒకటే, సరుకు వేరు. ఆర్‌టీఎక్స్ 3070నే తీసుకోండి. డెస్క్‌టాప్ కార్డులో 5,888 కోర్లుంటే ల్యాప్‌టాప్‌లో 5,120. అది 220 వాట్లు తాగుతుంది, ఇది 80 నుంచి 125 దాకా... తయారుచేసిన కంపెనీ ఎంత ఇవ్వదలచుకుంటే అంత. 4090 దగ్గరికొస్తే తేడా మరీ ఎక్కువ. అక్కడ 450 వాట్లు, ఇక్కడ మహా అయితే 175. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ములు, ఒకడు పహిల్వాను! ఆ పహిల్వాన్ని రెండంగుళాలైనా లేని పెట్టెలో కూర్చోబెట్టలేరు కాబట్టి తప్పు పట్టలేం. పేరు మార్చి ఉంటే మర్యాదగా ఉండేది.

బలం తగ్గించినా వేడి తగ్గదు. పని ఒత్తిడి పెరిగితే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటడం మామూలే. ఇంకా పెరిగితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఆ వేడిని బయటికి తోసే ఫ్యాన్ల హోరు ఇంతా అంతా కాదు. 'ఏవండీ, ఆ రైస్‌మిల్లు ఆపుతారా? పాప లేస్తుంది' అనేది ఆ ఇంట్లో రాత్రి పదకొండింటి పాట.

ఇంత బరువునీ మోయగలిగేదని పిలవడం ఇప్పటి తంతు కాదు. 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 సుమారు 11 కిలోలుండేది. తెర అయిదంగుళాలు, బ్యాటరీ ఊసే లేదు. 2017లో ఏసర్ తెచ్చిన ప్రిడేటర్ 21 ఎక్స్‌ది 21 అంగుళాల వంపు తెర, ఎనిమిది కిలోలకు పైగా బరువు, రెండు ఛార్జర్లు, ధర 8,999 డాలర్లు. దాన్ని ల్యాప్‌టాప్ అనడానికి నోరెలా వచ్చిందో!

బ్యాటరీ కథ వేరే. విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్లాలంటే 100 వాట్ అవర్లు దాటకూడదు. అందుకే ఎంత పెద్ద ల్యాప్‌టాప్‌లోనైనా దాదాపుగా అంతకు మించి పెట్టరు. 200 వాట్లు లాగే యంత్రానికి అది అరగంట మేత. కాబట్టి ఎవరైనా ప్లగ్గులోనే ఉంచేస్తారు. ఇతనూ ఉంచాడు, రెండేళ్లపాటు. వేడిలో, నూటికి నూరు శాతం ఛార్జింగుతో. లిథియం బ్యాటరీకి పడనివి ఆ రెండే.

2023 ఎండాకాలంలో ఓ రోజు టచ్‌ప్యాడ్ నొక్కుడు పడలేదు. మర్నాటికి దాని అంచు పైకి లేచింది. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోంది. కింది మూత విప్పిన మెకానిక్ ఒక్క మాటే అన్నాడు: 'అన్నా, ఇది పాప ఆడుకునే గదిలోనే పెట్టినవా?' లోపల బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. అలా ఉబ్బినదానికి ఏ చిన్న గాటు పడినా మంటలు లేవొచ్చు. ఆ రాత్రి భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే అతన్ని భయపెట్టింది.

కొత్త బ్యాటరీ వేయించాక 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా పెట్టుకున్నాడు. ఆ సదుపాయం మొదట్నుంచీ సెట్టింగుల్లోనే ఉంది, అడుగున ఎక్కడో. మూడు నెలలకోసారి ఫ్యాన్లలో దుమ్ము దులిపిస్తున్నాడు. బల్ల కూడా పాప గదిలోంచి హాల్లోకి మారింది. అయినా డెస్క్‌టాప్‌లో కార్డు పాతబడితే కార్డే మారుస్తారు. ఇందులో ర్యామ్, ఎస్ఎస్‌డీ తప్ప ఏదీ మార్చే వీల్లేదు. మళ్లీ మొత్తం కొనాల్సిందే.

అమ్మేద్దామనే అనుకున్నాడు. 2025 జనవరిలో నాన్నకి గుండె ఆపరేషనైంది. ఆ రాత్రే బస్సెక్కాడు. భుజాన రెండున్నర కిలోల ల్యాప్‌టాప్, ఇటుకంత ఛార్జరు. ఈసారి మెషీన్ కూడా వచ్చింది. రెండు నెలలు ఆస్పత్రి వరండాలో, తర్వాత ఊళ్లో అరుగు మీద కూర్చుని ఒక్క బిల్డరు పనీ ఆపలేదు. ఊళ్లో కరెంటు పోయినా ఠప్పున ఆరిపోలేదు. వేగం తగ్గి, ఫ్యాన్లు నెమ్మదించి, గీసిందాన్ని భద్రం చేసుకునేంత సమయమిచ్చేది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ ఆ దయ చూపదు.

పెద్దాయనకి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. పొలానికి వెళ్లొద్దన్నారు డాక్టర్లు. కొడుకు పక్కన కుర్చీ వేసుకుని తెర చూస్తూ కూర్చునేవాడు. ఫార్మింగ్ సిమ్యులేటర్ అని ఓ గేముంది. 2024 నవంబరులో వచ్చిన కొత్త దాంట్లో వరి కూడా పెట్టారు. మడికి నీళ్లు పెట్టాలి, మిషన్‌తో నాట్లు వేయాలి. గేదెలూ ఉన్నాయి. పొలం దున్నడానికి మనిషి కావాలంటే ఓ బటన్ నొక్కితే చాలు, పనివాడు వచ్చేస్తాడు.

'పిలవగానే వచ్చేశాడా?' అన్నాడాయన నమ్మలేక. కాసేపు ఆ ట్రాక్టరు వంకే చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

'అడ్వాన్సు ఎంతిచ్చావేంట్రా?'