అమ్మ నంబరు

మొన్న బీఏ క్లాసు అయిపోయాక ఒక పిల్లాడు వెంటబడి అడిగాడు. "మేడమ్, రెండు ఫోన్ కంపెనీలు కలిసిపోతే మనకేమవుద్ది? నంబరు అదే ఉంటది గదా?" అప్పుడు సగం జవాబే చెప్పాను. మిగతా సగం చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. కారిడార్లో నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నేను గురుకులంలో ఇంటర్ చదివేటప్పుడు మా ఊళ్లో ఫోను ప్రెసిడెంటుగారింట్లో ఉండేది. ఆదివారం కాయిన్ బాక్సులో రూపాయి బిళ్ల వేసి, "మాదిగపల్లె నుంచి మా అమ్మను కాస్త పిలిపిస్తారా అండీ" అని అడిగి పెట్టేసేదాన్ని. అరగంట ఆగి మళ్లీ చేసేదాన్ని. అమ్మ వచ్చి ఉండేది, వరండా మెట్ల కింద. రిసీవరు ఆమె చేతికిచ్చేవాళ్లు కాదు. నేను చెప్పింది విని ప్రెసిడెంటుగారి భార్య అమ్మకు చెప్పేది. అమ్మ అన్నది నాకు చెప్పేది. రెండేళ్లు మేమిద్దరం అట్లాగే మాట్లాడుకున్నాం. జ్వరమొచ్చినా, నెలసరి నొప్పయినా, చదువు మానేసి ఇంటికొచ్చేద్దామనిపించినా ఆ మాట ఆమె నోటిగుండానే పోవాలి. అందుకని ఏదీ చెప్పేదాన్ని కాదు. "బాగున్నానని చెప్పండి" అనేదాన్ని. అంతే.

తర్వాత 2009, 2010 ప్రాంతంలో మార్కెట్ నిండా ఫోన్ కంపెనీలే. ఒకరి మీద ఒకరికి పోటీ. సెకనుకు పైసా లెక్క వచ్చింది అప్పుడే. ఇన్‌కమింగ్‌కు 2003 నుంచే డబ్బుల్లేవు. సిమ్ములు దాదాపు ఊరికే ఇస్తున్నారు. ఆ ఏడు మిరపకాయ కోతల కూలితో అమ్మ చిన్న ఫోను కొన్నది, లైఫ్‌టైమ్ సిమ్ముతో సహా. పది రూపాయలేస్తే నెలలు వచ్చేది. ఎందుకంటే అమ్మ చేసేది మిస్డ్ కాలే. ఒకటిస్తే క్షేమం. రెండిస్తే నువ్వు చెయ్యి అని. ఫోన్లో మా అమ్మ గొంతు నేరుగా నేను మొదటిసారి విన్నప్పుడు నాకు పందొమ్మిదేళ్లు.

ఆ పోటీ ఎట్లా పోయిందో మీకు కొంత తెలుసు. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్ ఉచితమంది. అప్పటికే అప్పుల్లో ఉన్న కంపెనీలు నిలబడలేకపోయాయి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడు టెలినార్ ఇండియా ఎయిర్‌టెల్‌లో కలిసింది. మరుసటేడు టాటా వాళ్ల మొబైల్ వ్యాపారమూ అందులోకే పోయింది. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. చివరికి మిగిలింది మూడు పెద్ద ప్రైవేటు కంపెనీలు, బీఎస్ఎన్ఎల్.

కలిసిపోతే నంబరు మారదు, నిజమే. బ్యాలెన్సు పోదు. టవర్లు కలిస్తే కొన్నిచోట్ల సిగ్నల్ బాగవుతుంది కూడా. నచ్చకపోతే 1900కు పోర్ట్ మెసేజ్ పెట్టి వేరే కంపెనీకి పోవచ్చు. ఆ పిల్లాడికి నేను చెప్పిన సగం ఇదే.

మిగతా సగం ఏమిటంటే, పోవడానికి ఎక్కడికి పోతాం? పోటీ పలచబడగానే, 2018 చివర్లో, పెద్ద కంపెనీలు కనీస రీచార్జ్ తెచ్చాయి. 28 రోజులకు 35 రూపాయలు. వెయ్యకపోతే ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, ఆ తర్వాత ఇన్‌కమింగ్. 28 రోజుల లెక్కన ఏడాదికి 13 సార్లు, అంటే 455 రూపాయలు. 2024 జూలైలో మూడు కంపెనీలూ ఒకట్రెండు రోజుల తేడాతో రేట్లు పెంచాయి. ఎయిర్‌టెల్‌లో 28 రోజుల కనీస అన్‌లిమిటెడ్ ప్లాన్ 199 అయింది. 13 సార్లకు 2,587. అందరూ ఒకేసారి పెంచితే పోర్ట్ హక్కుతో ఏం చేసుకోవాలి?

అమ్మ సిమ్ము కంపెనీ కూడా అట్లాగే పెద్దదాంట్లో కలిసిపోయింది. పేరెందుకులెండి. మెసేజులు ఇంగ్లీషులో వచ్చాయి, అమ్మ ప్రకటనలనుకుంది. పక్కింటి పిల్లతో చదివించుకున్నాక కూడా "నేనెవరికీ చెయ్యను గదమ్మా, నెలనెలా ఎందుకు కట్టాలి?" అంది. ఆమె లెక్క సరైనదే. బ్యాలెన్సులో ఇంకా 17 రూపాయలున్నాయి.

అది కోతల కాలం. రేపు ఎవరి చేలోకి పోవాలో ముఠా మేస్త్రి రాత్రిపూట ఫోన్ చేసి చెబుతుంది. అమ్మ ఫోను మోగలేదు. మేస్త్రి వేరేవాళ్లను పిలుచుకుంది. నాలుగు రోజులు కూలి పోయాక గాని ఫోను చచ్చిపోయిందని అమ్మకు తెలీలేదు. నేనేమో పీహెచ్‌డీ సబ్మిషన్ హడావుడిలో ఉన్నా. మిస్డ్ కాల్ రాకపోతే క్షేమమేననుకున్నా. చూద్దాం, చేద్దాం అనుకుంటూ నెలలు గడిపాను. షాపుకు పోయేసరికి నంబరు రద్దయిపోయింది. బ్యాంకులో నంబరు మార్పించడానికి అమ్మ రెండు పూటలు కూలి మానుకుని లైన్లో నిలబడింది. కొన్నాళ్లకు అలవాటుకొద్దీ ఆ నంబరుకే చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి "ఎవరు కావాలండీ?" అన్నాడు.

కంపెనీలు ఒక్కో కస్టమర్ మీద సగటు ఆదాయం లెక్క చూసుకుంటాయి. తక్కువ వేసేవాళ్లు వెళ్లిపోతే ఆ సగటు పెరుగుతుంది. మా అమ్మ వెళ్లిపోయినా పెరిగే ఉంటుంది. మనకు ఫోనంటే ముందు ఇన్‌కమింగ్. ఎవరి మెట్ల కిందా నిలబడకుండా పిలుపు అందుకోవడం. కలయికల తర్వాత ధర పెట్టింది దానికే.

డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్లాన్లు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ చెప్పింది. పెట్టారు. కానీ 84 రోజులకు నాలుగొందలు దాటుతుంది. కూలి మనిషి ఒక్కసారి అంత తియ్యగలదా? బియ్యం ధర మీద, బస్సు చార్జీల మీద ధర్నా చేసిన మనం, కీప్యాడ్ ఫోన్లకు ఇన్‌కమింగ్ ఆపొద్దని ఒక్క కరపత్రమైనా వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. అది ఈ ఏడు వేద్దాం.

హాస్టళ్లలో ఉన్న పిల్లలూ, ఈ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యండి. వ్యాలిడిటీ ఎప్పటిదాకా ఉందో అడగండి. ఫోను కలవకపోతే క్షేమమేననుకోవద్దు.

జై భీమ్.