ల్యాప్‌టాపు: ఎన్నిక, ఆయుర్దాయము



సంతలో కుండ కొనునపుడు మనము దానిని వ్రేలితో కొట్టి మ్రోత విందుము. చీర కొనునపుడు అంచు తిరుగవేసి చూతుము. కొబ్బరికాయనైనను చెవియొద్ద ఆడించిగాని బుట్టలో వేసికొనము. అట్టి మనమే యేబది వేలు పోసి ల్యాప్‌టాపు కొనునపుడు మాత్రము మూత నిగనిగను జూచి, దుకాణదారుని మాట విని, యింటికి తెచ్చుకొందుము. మేమును అట్లే చేసితిమి. మోసపోతిమనుటకంటె, అడుగవలసినది అడుగక నష్టపోతిమనుట న్యాయము. ఆ సంగతి చెప్పినచో మీలో నొకరికైనను మేలు కలుగునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా యింట రెండు ల్యాప్‌టాపు లుండెడివి. మొదటిది 2013లో మా మామగారు తమ లెక్కల కొఱకు కొన్నది. నల్లనిది, మందమైనది, రెండు కిలోలకు పైబడిన బరువు. పిల్లలు దానిని 'తాతగారి యిటుక' యని యెగతాళి చేయువారు. రెండవది 2019లో మా అమ్మాయి ఇంజనీరింగులో చేరినపుడు కొన్నది. వెండి వన్నెది, పలుచనిది, ఒంటిచేత పట్టుకొని తిరుగదగినది. దానిని జూచుకొని మేమందఱమును మురిసితిమి.

2023 మార్చిలో, అమ్మాయి కడపటి ప్రాజెక్టు వ్రాయుచుండగా, ఆ వెండి ల్యాప్‌టాపు అడుగు పూరీవలె ఉబ్బినది. బ్యాటరీ పొంగినదని తెలిసికొనులోపలనే యది వెలుగుట మానినది. మరమ్మతు చేయువాడు విప్పి చూచి, "అమ్మా, బ్యాటరీ సంగతి యటుండనిండు, మదరుబోర్డే పోయినది. ర్యాము, డిస్కు అన్నియు దానికే మాటు వేసి యతికినారు. వేఱుచేసి చదువుటకు నాకు దారి లేదు" అనెను. బిందెకు మాటు వేసిన బిందె నిలుచును. దీనికి మాటే శత్రువైనది.

ప్రాజెక్టు పోయినందుకు మేమంతగా విచారింపలేదు. అమ్మాయి పది రాత్రులు మేలుకొని తిరిగి వ్రాసికొన్నది. కాని 2020లో ఇల్లు కదలరాని దినములలో మా అత్తగారు పాడిన మంగళహారతులు పండ్రెండింటిని అది ఆ ల్యాప్‌టాపులోనే పట్టి యుంచినది. అత్తగారు 2021లో కాలము చేసిరి. ఆమె గొంతు మఱి యెక్కడను లేదు.

అమ్మాయి తిరిగి వ్రాసినది దేనిమీద ననుకొందురు? తాతగారి యిటుకమీదనే. దాని వెనుక మరలు విప్పి ర్యామును 4 జీబీనుండి 8 జీబీకి పెంచితిమి. తిరుగు హార్డు డిస్కును తీసి, తిరుగుడు లేని ఎస్.ఎస్.డి.ని పెట్టించితిమి. బ్యాటరీ క్రొత్తది వేయించితిమి. పాత డిస్కులోని మామగారి లెక్కలన్నియు ఒక్కటియు పోక చేతికి వచ్చినవి. నాడు మేము నవ్విన యిటుకయే మా పరువు నిలిపినది.

కంప్యూటరునకు ముసలితన మెక్కడనుండి వచ్చును? లెక్కలు కట్టు చిప్పులు అంత త్వరగా చెడునవి కావు. 1977లో అమెరికావారు గగనమునకు పంపిన వాయేజరు నౌకలలోని కంప్యూటర్లు నలుబదియైదేండ్లు దాటిన పిమ్మటను పనిచేయుచు వచ్చినవి. మన ల్యాప్‌టాపులలో తఱచుగా చెడునవి తిరుగునవి, వంగునవి, వేడెక్కునవి. పంకాకు దుమ్ము పట్టును. మూత కీళ్లు బిగిసి అంచు చీలును. నిమిషమునకు 5400 మారులు తిరుగు హార్డు డిస్కు ఒక దెబ్బకు పాడగును. బ్యాటరీ వీనికంటెను ముందుగా నీరసించును. అది నిండి ఖాళీ యగుటను ఒక చుట్టుగా లెక్కించినచో, సాధారణముగా 300 మొదలు 1000 చుట్టులలో దాని బలము ఐదింట నాలుగు పాళ్లకు దిగును. కావున దినమును వాడు ల్యాప్‌టాపు ఐదాఱేండ్లు నడచిన తృప్తి పడవచ్చును. భాగములు మార్చుటకు వీలున్నచో పదేండ్లకును ఈడ్చవచ్చును.

శరీరము బాగుండియు ఆయువు తీఱుట యింకొకటి కలదు. విండోస్ 10నకు కంపెనీవారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 మా యిటుకవంటి పాతవానిని అంగీకరింపదు. అందుచే మేము దానిలో లినక్సు అను ఉచిత వ్యవస్థను వేయించితిమి. 2021నుండి వెలువడిన క్రోమ్‌బుక్కులకు పదేండ్లపాటు రక్షణ నిత్తుమని గూగులువారు 2023లో ప్రకటించిరి. అయితే ఆ పదేండ్లు ఆ రకము వెలువడిన నాటినుండియే గాని మనము కొన్న నాటినుండి కాదు. పాత సరకు చవుకగా వచ్చినదని మురియుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

ఫ్రాన్సు దేశమున 2021 జనవరినుండి ల్యాప్‌టాపు మరమ్మతునకు ఎంత అనువైనదో పదింటికి ఇన్ని మార్కులని కొనువారికి చూపవలెనను నియమము వచ్చినది. మాకు దుకాణములో అట్టి చీటీ యెవరును చూపలేదు. కావున నోరు విప్పి అడుగుటయే మన పని. ర్యాము, డిస్కు మార్చుటకు వచ్చునా, అతికినవా? అతికినవైనచో 16 జీబీకి తక్కువ కొనకుండుట మేలు. బ్యాటరీ విడిగా దొరకునా? వారంటీ ఎన్నేండ్లు, అందు బ్యాటరీ చేరినదా? బాగుచేయువారు మన యూరనే కలరా? రక్షణ ఎన్నాళ్లు వచ్చును? ఈ ప్రశ్నలకు తిన్నగా బదులు చెప్పని దుకాణమునుండి లేచి వచ్చుట తప్పు కాదు. కార్యాలయముల కొఱకు చేయు రకములు చూపునకు మొద్దుగా నున్నను గట్టివి, విప్పుటకు అనువైనవి. నమ్మకమైన చోట వారంటీతో దొరకినచో, అట్టిది వాడినదైనను కొనవచ్చును.

ఇంటికి తెచ్చిన పిమ్మట దానిని పరుపుమీద పెట్టి వాడనీయకుడు; అడుగున గాలి రంధ్రములు మూసికొని వేడి పుట్టును. ఎప్పుడును తీగకు తగిలించి యుంచువారు బ్యాటరీని 80 పాళ్లవద్ద ఆపు అమరిక యున్నచో వాడుకొనుడు. అడుగు ఉబ్బినచో మాత్రము క్షణమైనను వాడక, నొక్కక, పొడువక, బాగుచేయువారికి అప్పగింపుడు. అట్టి బ్యాటరీ అగ్నికి కారణము కాగలదు.

ఇన్నియు చేసినను యంత్రము ఒకనాడు పోక మానదు. అది పోవుట నష్టము కాదు. అందున్నది పోవుట నష్టము. ఆవకాయను జాడీలు రెండింటిలో దాచు మనము, పెద్దల గొంతును ఒక్క పెట్టెలో పెట్టి ఏల మఱచితిమో తెలియదు. ఇప్పుడు మా యింట ప్రతి నెల మొదటి ఆదివారమున ఫొటోలు, పాటలు, పత్రములు విడిగానున్న డిస్కు ఒకదానిలోనికిని, ఇంటర్నెట్టు ఖాతాలోనికిని ఎక్కించుట వాడుకయైనది. ఆ పని అమ్మాయిది, గుర్తుచేయుట మాది.

అత్తగారి హారతులలో ఒక్కటి మాత్రము మా ఆడుబిడ్డ ఫోనులో దొరకినది. అమ్మాయి ఎప్పుడో పంపినదట. శుక్రవారము సాయంకాలమున దీపము పెట్టి దానిని విందుము. తక్కిన పదునొకండును ఏ వరుసలో పాడిరో మాకు జ్ఞాపకమున్నది గాని, ఆ గొంతు లేదు. మీ యింటి పెద్దల గొంతులు ఏ పెట్టెలో నున్నవో, ఈ పుట మూసిన వెంటనే ఒక్కసారి వెదకి చూడుడు.