ఓనాన్ నది నుంచి పాలారు దాకా

వేలూరు అనగానే ఆంధ్రాలో ఉన్న మన బంధువులకు గుర్తొచ్చేది ఆసుపత్రి. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. ఈ రెండు ఊళ్ళకూ మంగోలియాకూ సంబంధం ఉందని నేనంటే మా బ్యాంకులో సహోద్యోగులు నవ్వుతారు. బి.కాం. చదివినవాడికి చెంఘిజ్ ఖాన్‌తో పనేమిటని వాళ్ళ ప్రశ్న. నిజమే, నేను కాలేజీలో చరిత్ర చదివినవాణ్ణి కాను. కానీ ముప్పై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నవాణ్ణి. ఒక ఖాతాలో ఖర్చు పడిందంటే మరో ఖాతాలో ఎక్కడో జమ ఉండి తీరాలి, ఓపికగా వెదికితే దొరుకుతుంది అన్నది మా వృత్తి నేర్పిన పాఠం. "మనం తెలుగువాళ్ళం కదా, మరి తమిళనాడులో ఎందుకున్నాం?" అని ప్రతి ఇంట్లోనూ పిల్లలు ఏదో ఒక రోజు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ వెనక్కి పోగా పోగా నేను తేలిన చోటు మంగోలియాలోని ఓనాన్ నది ఒడ్డు.

మామూలుగా మనం చెప్పే జవాబు "రాయలవారి కాలంలో వచ్చాం" అని. గుడియాత్తం బ్రాంచిలో ఉన్నప్పుడు ఒక ముసలి నేతగాడు మాత్రం ఇంకో మాట చెప్పాడు. "మా పెద్దోళ్ళు గుర్రాలోళ్ళకు బయపడి ఈ పక్కకు వచ్చేసినారంట సార్" అన్నాడు. దక్షిణ జిల్లాల్లోని కంబళత్తు నాయకుల ఇళ్ళల్లో ఇదే కథ ఇంకా వివరంగా ఉంది. తురక రాజు పిల్లనడిగితే రాత్రికి రాత్రి బయలుదేరారట. నది పొంగి అడ్డం వచ్చిందట. రెండు గట్ల మీదా ఉన్న కానుగ చెట్లు వంగి వంతెనలా నిలిచాయట. కథలోని నిజమెంతో పక్కన పెడదాం. ఆ గుర్రాలవాళ్ళు ఎవరు, ఎందుకు వచ్చారు అని మాత్రం మనం అడగం. అక్కడే లెక్క మొదలవుతుంది.

పన్నెండో శతాబ్దం చివర మంగోలియా పచ్చిక బయళ్ళలో ఒక్క జాతి కాదు, ఎన్నో తెగలుండేవి. తూర్పున తాతారులు, ఉత్తరాన మెర్కిట్లు, నడుమ కెరెయిట్లు, పడమట నైమానులు. వీళ్ళ మధ్య నలుగుతూ మంగోలులు. కెరెయిట్లలో చాలామంది క్రైస్తవులంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. నైమానుల ఆస్థానంలో రాత, ముద్ర ఉండేవి. మంగోలులకు అవి కూడా లేవు. ఒకరి గుర్రాలను ఒకరు తోలుకుపోవడం, ఒకరి ఆడవాళ్ళను ఒకరు ఎత్తుకుపోవడం వాళ్ళకు నిత్యకృత్యం. ఉత్తర చైనాను ఏలే జిన్ రాజులు ఒక తెగను మరో తెగ మీదకు ఉసిగొల్పి తమ సరిహద్దు కాపాడుకునేవాళ్ళు.

ఆ మంగోలుల్లో పుట్టినవాడు తెమూజిన్. చిన్నతనంలోనే తండ్రిని తాతారులు విషం పెట్టి చంపారు. సొంత తెగవాళ్ళే ఆ కుటుంబాన్ని వదిలేసి వెళ్ళిపోయారు. తల్లి హోయెలున్ అడవి పళ్ళూ దుంపలూ ఏరి పిల్లల్ని సాకింది. పెళ్ళయిన కొత్తలో భార్య బోర్తెను మెర్కిట్లు ఎత్తుకుపోతే, కెరెయిట్ల పెద్ద తొగ్రుల్, చిన్ననాటి నేస్తం జముఖ తోడు రాగా విడిపించుకున్నాడు. తర్వాత ఆ ఇద్దరితోనే యుద్ధం చేయవలసి వచ్చింది. 1204లో నైమానులు కూడా ఓడిపోయారు. 1206లో ఓనాన్ నది ఒడ్డున తెగలన్నీ సభ తీరి అతనికి చెంఘిజ్ ఖాన్ అని బిరుదిచ్చాయి.

అతను చేసిన పెద్ద పని యుద్ధం కాదు, పరిపాలన అని నాకనిపిస్తుంది. సైన్యాన్ని పదులు, నూర్లు, వేలు, పదివేలుగా విభజించాడు. ఓడిన తెగలవాళ్ళను విడదీసి వేరు వేరు దళాల్లో కలిపేశాడు. ఆఫీసర్లు ఒకేచోట వేళ్ళూనుకోకుండా మూడేళ్ళకోసారి బదిలీ చేసే మా బ్యాంకు పద్ధతికి ఇతనే మూలపురుషుడేమో! పుట్టుక చూడలేదు, పని చూశాడు. యుద్ధంలో తన మీద బాణం వేసిన శత్రువు ఒకడు "వేసింది నేనే" అని నిజం ఒప్పుకుంటే, వాడికి జెబె అని పేరు పెట్టి సేనానిని చేశాడు. ప్రకృతి కూడా కలిసివచ్చింది. అక్కడి పాత చెట్ల వలయాలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1211 నుంచి 1225 దాకా మంగోలియాలో మంచి వర్షాలు పడ్డాయని 2014లో ప్రకటించారు. వాన ఉంటే గడ్డి, గడ్డి ఉంటే గుర్రం. ఒక్కొక్క రౌతు వెంట మార్చి మార్చి ఎక్కడానికి మూడు నాలుగు గుర్రాలుండేవి. వాళ్ళకు మూలధనం పచ్చికే.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటుంది. నైమానులు ఓడిన రోజు వాళ్ళ ఆస్థానంలోని తాతాతుంగ అనే ఉయిఘూర్ ఉద్యోగి రాజముద్రను గుండెకు హత్తుకుని పట్టుబడ్డాడు. ఇదెందుకని తెమూజిన్ అడిగితే, ధాన్యం ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు, మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టేటప్పుడు వేసే గుర్తు అని చెప్పాడు. అక్షరం ముక్క రాని తెమూజిన్ అతన్ని చంపలేదు. తన కొడుకులకు ఆ లిపి నేర్పమని పనిలో పెట్టుకున్నాడు. బ్యాంకు సీలు విలువ తెలిసినవాళ్ళం కనుక మాకు ఆ తాతాతుంగ మీద గౌరవం కొంచెం ఎక్కువే.

ఆ రోజుల్లో మన దేశం ఎలా ఉంది? ఓరుగల్లులో గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఏలాడు. అంటే చెంఘిజ్ ఖాన్ ఎదుగుదల, మరణం రెండూ ఆయన కాలంలోనే. సముద్ర వర్తకులకు అభయమిస్తూ ఆయన మోటుపల్లిలో శాసనం వేయించింది 1244లో. ఇరవై ఆరేళ్ళ ముందు, 1218లో, మధ్య ఆసియాలోని ఓత్రార్ పట్టణంలో దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని జరిగింది. మంగోలుల తరఫున వచ్చిన సుమారు 450 మంది వర్తకులను ఖ్వారజమ్ రాజ్యపు అధికారి గూఢచారులని చంపించి సరుకు లాక్కున్నాడు. దాంతో చెంఘిజ్ ఖాన్ దండెత్తాడు. బుఖారా, సమర్‌ఖండ్ నేలమట్టమయ్యాయి. పారిపోతున్న ఖ్వారజమ్ యువరాజును తరుముతూ 1221లో సింధు నది దాకా వచ్చాడు. నది దాటి వచ్చిన ఆ యువరాజు ఆశ్రయమడిగితే ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ మర్యాదగా కాదన్నాడు. మంగోలులను ఇంటిమీదికి తెచ్చుకోవడం అతనికిష్టం లేదు.

కానీ మామూలు జనాన్ని ఎవరాపగలరు? తురుష్కులు, పారసీకులు, పండితులు, సిపాయిలు, చేతిపనివాళ్ళు గుంపులు గుంపులుగా ఢిల్లీ చేరారు. కవి అమీర్ ఖుస్రో తండ్రి అలా వచ్చినవాడే. ఖుస్రో కూడా 1285లో ముల్తాను దగ్గర యుద్ధంలో మంగోలులకు చిక్కి, తప్పించుకుని బయటపడ్డాడు.

ఆ తర్వాత మంగోలులు ఢిల్లీ మీదికే వచ్చారు. 1299లో ఒకసారి, 1303లో మరోసారి. అల్లావుద్దీన్ ఖిల్జీ భారీ సైన్యం పెట్టాడు. గుర్రపు దళమే 4,75,000 అని తర్వాతి చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అంకె పెంచి చెప్పాడనుకున్నా ఖర్చు సామాన్యం కాదు. రౌతు జీతం ఏడాదికి 234 టంకాలు. ఆ జీతంతో వాడు బతకాలంటే ధరలు దిగాలి. అందుకని గోధుమలు మణుగు ఏడున్నర జితల్లు, బియ్యం ఐదు జితల్లు అని ధరలు కట్టాడు. మార్కెట్టుకు అధికారిని వేశాడు. పంటలో సగం శిస్తు అన్నాడు. అదీ చాలక దక్షిణాదిని చూశాడు. 1309-10లో మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటను ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర వసూలు చేసిన సొమ్మును వెయ్యి ఒంటెలు మూలుగుతూ మోశాయని రాసింది ఎవరనుకున్నారు? ఆ అమీర్ ఖుస్రోనే. మంగోలుల భయంతో ఇల్లు వదిలిన కుటుంబంలోని బిడ్డ, మన ఓరుగల్లు సొమ్ము తరలిపోవడాన్ని సంబరంగా వర్ణించాడు.

ఖర్చు ఢిల్లీ ఖాతాలో, జమ ఓరుగల్లు ఖాతా నుంచి! దండయాత్రలకు వేరే కారణాలూ ఉన్నాయి, లేవనను. కానీ మంగోలు భయం లేకపోతే అంత సైన్యం లేదు, అంత సైన్యం లేకపోతే అంత ఆకలీ లేదు. 1323లో తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పూర్తిగా పట్టుకున్నాడు. బందీగా పోతూ ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఆ యువరాజే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. ఖుబ్లాయ్ ఖాన్ చైనాలో కాగితం డబ్బు నడిపినట్టు తానూ నడపాలని రాగి నాణాలకు వెండి విలువ కట్టి చేతులు కాల్చుకున్నాడు.

ఓరుగల్లు పడ్డాక తెలుగు నాయకులు చెల్లాచెదురయ్యారు. 1336లో విజయనగరం లేచింది. 1360లలో బుక్కరాయల కొడుకు కంపన దండు తొండైమండలంలో దిగి, మన వేలూరికి దక్షిణాన ఉన్న పడవేడులో శంబువరాయల రాజ్యాన్ని లోబరచుకుంది. ఆ తర్వాత మధురకు సాగింది. ఆ విజయాన్ని సంస్కృత కావ్యంగా రాసిన కంపన రాణి గంగాదేవి అందులో మన తిక్కనకు నమస్కరించింది. ఆ దండుల వెంట, ఆ తర్వాతి నాయకుల వెంట తెలుగు కుటుంబాలు విడతలు విడతలుగా వచ్చాయి.

ఇక్కడొక మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. మనవాళ్ళు గుర్రాలవాళ్ళకు భయపడి మాత్రమే రాలేదు. గుర్రమెక్కి కూడా వచ్చారు. వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణ మంటపం చూడండి. స్తంభాల మీద ముందుకాళ్ళెత్తిన గుర్రాలు, వాటి మీద రౌతులు. అవి మంగోలులవి కావు, పదహారో శతాబ్దంలో చిన్న బొమ్మినాయకుడి కాలపు మన నాయక రాజ్యపువి. పడవేటిలోని తమిళుడు తన మనవడికి "గుర్రాలోళ్ళు వచ్చినారు" అని ఏ భాషలో చెప్పి ఉంటాడో, ఎవరి గురించి చెప్పి ఉంటాడో ఊహించుకోండి. ఆరవీటి రాజులు వేలూరిని రాజధాని చేసుకున్నాక, 1614లో వేంకటపతిరాయలు పోగానే వారసత్వ గొడవలో రాజు శ్రీరంగరాయలు కుటుంబంతో సహా హతమైపోయాడు. చంపించింది గొబ్బూరి జగ్గరాయుడు. చాకలి సాయంతో ఒక్క పసివాణ్ణి బయటికి తెప్పించి కాపాడింది వెలుగోటి యాచమనాయకుడు. చంపినవాడూ తెలుగువాడే, కాపాడినవాడూ తెలుగువాడే.

చివరికి మంగోలుల పేరు కూడా మన గడప దాకా వచ్చింది. మొగలు అన్నది మంగోలు అన్న మాటకు పారసీ రూపం. బాబరు తండ్రి వైపు తైమూరు వంశం, తల్లి వైపు చెంఘిజ్ వంశం. ఔరంగజేబు సేనలు ఇటు దిగాక పక్కనే ఆర్కాటులో నవాబులు వెలిశారు. అయితే వాళ్ళెవరికీ మంగోలు భాష రాదు. అంత రాజ్యం గెలిచిన చెంఘిజ్ ఖాన్ వారసులు ఇరాన్‌లో పారసీలో కలిసిపోయారు, మధ్య ఆసియాలో తురుష్కంలో కలిసిపోయారు. బాబరు తన కథ రాసుకున్నది తురుష్కంలోనే. మంగోలియాలో కూడా 1940లలో పాత లిపి పోయి రష్యా లిపి వచ్చింది. ఇప్పుడు వాళ్ళకు మళ్ళీ తాతాతుంగ నేర్పిన లిపి గుర్తొచ్చి, 2025 జనవరి నుంచి ప్రభుత్వ కాగితాల మీద దాన్నీ కలిపి రాయాలని చట్టం అమలులోకి తెచ్చారు.

రాజ్యాలు గెలిచినవాళ్ళకు మూడు నాలుగు తరాల్లో జారిపోయిన భాష, ఏ రాజ్యమూ మిగలని మనకు ఆరు వందల ఏళ్ళుగా నిలిచింది. అది రౌతుల ఘనత కాదు. వంటింట్లో, మగ్గం దగ్గర, పెళ్ళిపందిట్లో మాట్లాడిన ఆడవాళ్ళ ఘనత. గుడియాత్తంలో మా ఖాతాదారులు తమిళంలో సంతకం చేసి, నోట్లు మాత్రం తెలుగులో లెక్కపెట్టుకునేవారు. మాట ఉంది, రాత పోతోంది. 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లలకు తెలుగు అక్షరం ఇంకా దూరమైంది. తమిళం నేర్వవద్దని నేననను. ఈ నేల అన్నం పెట్టింది, దాని భాష రావాలి. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లోనే నేర్పుకోవాలి. ఆదివారం ఒక గంట చాలు. పలక, యాభై ఆరు అక్షరాలు, పక్కన ఒక పెద్దమనిషి. ఇన్ని కావాలి, అంతే.

పిల్లలు ఎందుకిక్కడున్నామని అడిగినప్పుడు, ఎవరినో తరిమేశారని కోపం నేర్పకండి, మనమే గెలిచామని గొప్పలూ చెప్పకండి. రెండు పద్దులూ చూపించండి. తర్వాత తమ పేరు తెలుగులో రాసి చూపించమని అడగండి.